క్రెటేషియస్ కాలపు వేడి గురించి మా బావగారికి ఒక జవాబు

గత వేసవిలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక పెద్దలందరూ ఫ్యాన్ల కింద కూర్చుని ఎండల గురించి మాట్లాడుకుంటుండగా మా బావగారు ఒక మాట అన్నారు. "ఈ మాత్రం ఎండలకే ఇంత గగ్గోలు ఎందుకు? డైనోసార్లు తిరిగిన రోజుల్లో భూమి ఇంతకంటే ఎంతో వేడిగా ఉండేది. ధ్రువాల దగ్గర కూడా మంచు లేదు. అయినా అడవులు పెరిగాయి, జంతువులు బతికాయి. భూమికి ఇదంతా అలవాటే." ఆయన ఇంజనీరుగా పనిచేసి విరమించినవారు, పుస్తకం చేతిలో లేకుండా కనిపించనివారు, తెలియని విషయం తెలిసినట్టు మాట్లాడే మనిషి కాదు. అక్కడున్న చాలామంది తలలూపారు. ఆ వాదం తప్పని నాకు తెలుసు. ఎక్కడ తప్పో మాత్రం ఆ నాలుగు నిమిషాల్లో చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆయన చెప్పిన వాస్తవాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఇదే మాట ఆ తర్వాత మరో ఇద్దరి నోట విన్నాను. అందుకే ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఆయన మాటలోని నిజాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. డైనోసార్లు తిరిగిన చివరి యుగమైన క్రెటేషియస్ కాలం 14.5 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసింది. 1822లో దానికి ఆ పేరు పెట్టినవాడు బెల్జియం భూగర్భ శాస్త్రజ్ఞుడు దొమాలియుస్ దల్వా. లాటిన్‌లో క్రెటా అంటే సుద్ద. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోవర్ దగ్గర నిలువుగా లేచిన తెల్లని కొండచరియలు ఆ కాలపు వెచ్చని సముద్రాల అడుగున పేరుకున్నవే. నీటిలో తేలుతూ బతికే, కంటికి ఆనని ఏకకణ ప్లవకాలు తమ ఒంటి చుట్టూ కట్టుకున్న సున్నపు పలకలు, అవి చనిపోయాక అడుగుకు రాలి, పొర మీద పొరగా లక్షల సంవత్సరాలు చేరి సుద్ద అయ్యాయి. సముద్రమట్టం ఈనాటికంటే వంద మీటర్లకు పైగా, కొన్ని అంచనాల ప్రకారం రెండు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉండేది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి ఆర్కిటిక్ దాకా పరుచుకున్న ఒక లోతులేని సముద్రం ఉత్తర అమెరికాను రెండు ముక్కలు చేసింది. అందుకే ఈనాడు సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న కాన్సాస్ నేలలో మోససార్లనే సముద్ర సరీసృపాల ఎముకలు దొరుకుతున్నాయి.

ధ్రువాల మాట కూడా నిజమే. 2017లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధన నౌక పశ్చిమ అంటార్కిటికా తీరాన, పైన్ ఐలాండ్ హిమానీనదానికి ఎదురుగా సముద్రపు అడుగును తొలిచి మట్టి స్తంభాన్ని పైకి తీసింది. అందులో దాదాపు 9 కోట్ల సంవత్సరాల నాటి అడవి నేల, వేళ్ళు అల్లుకున్న తీరు చెదరకుండా, పుప్పొడి రేణువులతో సహా బయటపడింది. ఆ చోటు అప్పట్లో దక్షిణ ధ్రువానికి దాదాపు 900 కిలోమీటర్ల దూరంలోనే ఉండేది. అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత 12 డిగ్రీల దరిదాపుల్లో ఉండేదని ఆ బృందం 2020లో లెక్కగట్టింది. ఏడాదికి నాలుగు నెలలు సూర్యుడు ఉదయించని చోట వర్షారణ్యం పెరిగిందన్న ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. గాలిలో వేడిని పట్టి ఉంచే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఈనాటికంటే రెండు మూడు రెట్లయినా లేకపోతే అలాంటి అడవి సాధ్యం కాదు.

అయితే ఆ స్థితికి భూమి ఎలా చేరింది, ఎంత కాలంలో చేరింది అన్న ప్రశ్న బావగారి వాదంలో లేదు. నాకు మొత్తం విషయం అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది.

క్రెటేషియస్ కాలం నిడివి 7.9 కోట్ల సంవత్సరాలు. అది ముగిసిన నాటి నుంచి నేటి వరకు గడిచిన కాలం కంటే అది ఎక్కువ. అంత నిడివిలో వేడి పెరగడానికీ తగ్గడానికీ లక్షల, కోట్ల సంవత్సరాలు పట్టింది. ఖండాలు విడిపోతున్నచోట సముద్రగర్భం చీలి లావా పొంగేది, దానితో పాటు బొగ్గుపులుసు వాయువు వెలువడేది. ఆ వాయువు వాన నీటిలో కరిగి పలుచని ఆమ్లమై రాళ్ళ మీద కురిసి, వాటిని కొద్దికొద్దిగా కరిగించి, ఆ ద్రవాన్ని నదుల ద్వారా సముద్రానికి చేర్చేది. అక్కడ ప్లవకాలు దాన్ని సున్నపు గుల్లలుగా కట్టుకుని అడుగుకు తీసుకుపోయేవి. వేడి పెరిగితే వానలు పెరుగుతాయి, వానలు పెరిగితే రాయి మరింత కరుగుతుంది, రాయి కరిగితే గాలిలోని వాయువు తగ్గుతుంది. భూమికి ఉన్న ఈ సర్దుబాటు ఎంతో నమ్మకమైనది, కానీ ఎంతో నిదానమైనది. మా ప్రాంతపు నల్లరేగడి ఈ పనికి సాక్ష్యం: ఒకప్పుడు లావాగా పారి గడ్డకట్టిన నల్లరాయి వానలకు కరిగి కరిగి, కంది పండే నేలగా మారడానికి పట్టిన కాలాన్ని మనిషి తరాలతో కొలవలేము.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళుగా ఉన్న బొగ్గుపులుసు వాయువు, రెండున్నర శతాబ్దాల పైచిలుకు కాలంలోనే 420 దాటింది. మూడు రోజుల ముసురులో పడిన వానను చెరువు నింపుకుంటుంది. అదే వాన ఒక్క గంటలో పడితే కట్ట తెగుతుంది. రెండు సందర్భాల్లోనూ పడిన నీరు ఒకటే కదా అని తెగిన కట్ట మీద నిలబడి ఎవరూ అనరు. క్రెటేషియస్‌లో వేడి ఉండేదన్న వాదం సరిగ్గా ఆ మాటే అంటున్నది.

నిజానికి ఆ కాలంలోనే, మార్పు కాస్త వేగం పుంజుకున్న సందర్భాలు ఉన్నాయి. వాటిలో ఏం జరిగిందో రాళ్ళు దాచుకోలేదు. ఇటలీలో గుబ్బియో పట్టణం పక్కన లేత రంగు సున్నపురాతి కొండల మధ్య ఒకచోట, దాదాపు మీటరు మందాన నల్లని పట్టీ ఒకటి కనిపిస్తుంది. అది 9.4 కోట్ల సంవత్సరాల నాటిది. అప్పట్లో సముద్రగర్భంలో భారీగా లావా పొంగింది. గాలిలో వాయువు పెరిగి నీరు వేడెక్కింది. వేడి నీరు ప్రాణవాయువును తక్కువగా పట్టి ఉంచుతుంది. లావా, వానలు తెచ్చిపోసిన పోషకాలతో ప్లవకాలు విపరీతంగా పెరిగి, చచ్చి కుళ్ళుతూ మిగిలిన ప్రాణవాయువును కూడా లాగేసుకున్నాయి. సముద్రంలో విశాలమైన ప్రాంతాల అడుగుభాగం ఊపిరాడని నీటితో నిండిపోయింది. కుళ్ళకుండా మిగిలిపోయిన జీవపదార్థం నల్లని బురదగా పేరుకుని ఆ పట్టీ అయింది. ఆ స్థితి లక్షల సంవత్సరాలు కొనసాగింది. సముద్రజీవుల్లో ఎన్నో జాతులు అప్పుడు పోయాయి; పదిహేను కోట్ల సంవత్సరాలకు పైగా సముద్రాలను ఏలిన ఇక్తియోసార్లనే సరీసృపాలు కూడా ఆ దరిదాపుల్లోనే అంతరించాయి. మా బావగారు చెప్పే సుభిక్షమైన వేడి ప్రపంచపు నడిబొడ్డున జరిగిన సంగతి ఇది.

ఇలాంటి ఊపిరాడని సముద్రాల అడుగున చేరిన నల్లబురదల నుంచే ప్రపంచపు చమురులో పెద్ద భాగం వచ్చింది. మన దగ్గర కూడా ఆ కాలపు బురద ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు పుట్టిన ముఖ్యమైన మూలశిలల్లో ఒకదాని పేరు రాఘవాపురం షేల్ (షేల్ అంటే బురద గట్టిపడి అయిన రాయి). ఒకప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని ఊరి పేరే దానికి పెట్టారు. అది క్రెటేషియస్ తొలి భాగానికి చెందినది. అప్పటి జీవులు గాలి నుంచి, నీటి నుంచి తీసి లక్షల సంవత్సరాలపాటు భూమిలో దాచిన కార్బన్‌ను మనం కొన్ని దశాబ్దాల్లో తిరిగి గాలిలోకి వదులుతున్నాము. క్రెటేషియస్ కాలానికీ ఈనాటి ఎండలకూ ఉన్న అసలైన సంబంధం ఇదేనని నేననుకుంటాను.

ఇక "జంతువులు బతికాయి" అన్న మాట. నిజమే, బతికాయి, పైగా ఎంతో కొత్త జీవం పుట్టింది. పూల మొక్కలు ఈ కాలంలోనే మొదలై, కాలం ముగిసేసరికి ఎన్నో ప్రాంతాల్లో అడవులను ఆక్రమించాయి. ఆ విస్తరణ వేగం అర్థం కాక డార్విన్ 1879లో మిత్రుడు హుకర్‌కు రాసిన ఉత్తరంలో దాన్ని ఒక పాడు రహస్యంగా పేర్కొన్నాడు. తేనెటీగలు, చీమలు కూడా ఈ కాలంలోనే వచ్చాయి. బర్మాలోని కచిన్ ప్రాంతంలో దొరికే 9.9 కోట్ల సంవత్సరాల నాటి జిగురురాయిలో ఆనాటి చీమలు కాళ్ళు, మీసాలు చెదరకుండా నిలిచి ఉన్నాయి.

మనకు మరింత దగ్గరి సంగతి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పిస్దూరాలో ఉంది. అక్కడ డైనోసార్ల పేడ రాయిగా మారి పొలాల్లో దొరుకుతుంది. మొక్కలు తమ కణాల్లో కట్టుకునే సిలికా రేణువులు, అంటే ఫైటోలిత్‌లు, మొక్క కుళ్ళిపోయినా పాడవవు, వాటి ఆకారాన్ని బట్టి మొక్క ఏ జాతిదో చెప్పవచ్చు. వందనా ప్రసాద్, అశోక్ సాహ్ని తదితరులు ఆ పేడలో గడ్డిజాతి ఫైటోలిత్‌లను గుర్తించి 2005లో ప్రకటించినప్పుడు, డైనోసార్లు ఉండగా గడ్డి లేదన్న పాత అభిప్రాయం తప్పని తేలింది. 2011లో వచ్చిన మరో పరిశోధన ఆ రేణువుల్లో కొన్ని వరి తెగకు చెందినవని చూపింది. మనం రోజూ తినే అన్నానికి చుట్టమైన గడ్డిని 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్‌లో డైనోసార్లు మేశాయన్నమాట. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఇంట్లో పిల్లలు నమ్మలేదు.

కానీ ఆ గడ్డి వరిపొలం కాదు. అది తనకు నచ్చిన చోట మొలిచేది, వాతావరణం మారితే గింజలతో పాటు మెల్లగా మరో చోటికి జరిగేది. జరగడానికి దానికి వేల ఏళ్ళ వ్యవధి ఉండేది. మనం పండించే వరికి పూత దశలో నాలుగు రోజులు ఎండ హద్దు దాటితే గింజ పట్టదు, తాలు మిగులుతుంది. వరి జరిగిపోవాలంటే దానితో పాటు కాలువలు, ఆనకట్టలు, మిల్లులు, ఊళ్ళు, ఆ పనుల మీద బతికే మనుషులు జరగాలి. క్రెటేషియస్ సముద్రం వంద మీటర్లు ఎత్తున ఉన్నప్పుడు ఎవరి ఇల్లూ మునగలేదు, ఎందుకంటే అప్పుడు ఇళ్ళు లేవు. కోనసీమలో ఎన్నో ఊళ్ళు సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తునే ఉన్నాయి. అక్కడి వారికి వంద మీటర్ల దాకా లెక్క అవసరం లేదు, ఒక్క మీటరు చాలు. జీవం బతికింది అన్న మాటలో మనం లేము. ఆ మాటను మనకు భరోసాగా ఎవరైనా చెప్పినప్పుడు నాకు కలిగే బాధ ఇదే.

ఇప్పుడు మా బావి గురించి చెప్పాలి. మాది వికారాబాద్ వైపు పల్లె. నా చిన్నతనంలో మా తాత పొలంలో బావి తవ్వించినప్పుడు రేగడి తర్వాత నల్లరాయి, దాని కింద జానెడు మందాన మెత్తని తెల్లపొర, మళ్ళీ నల్లరాయి వచ్చాయి. ఆ తెల్లపొరలో వేలిగోరంత నత్తగుల్లలు రాయిగా మారి ఉన్నాయి. మా తాత ఒకటి నా చేతిలో పెట్టి, "ఈడ ఎన్కట కుంట ఉన్నట్టుంది బిడ్డా" అన్నాడు. బడికి వెళ్ళని మనిషి రాయిని చూసి చెప్పిన ఆ మాట అక్షరాలా సరైనదని నాకు తెలియడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

క్రెటేషియస్ చివరలో భారత భూభాగం ఒక ద్వీపం. మడగాస్కర్ నుంచి దాదాపు 8.8 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయి, ఉత్తరానికి వేగంగా కదులుతూ, భూమధ్యరేఖకు ఇంకా దక్షిణాననే ఉండగా, ఈనాడు రీయూనియన్ ద్వీపం కింద ఉన్న వేడిచోటు (భూమి లోతు నుంచి వేడి పైకి పొంగే చోటు) మీదుగా వచ్చింది. అక్కడ నేల చీలి లావా పొంగింది. ఒకసారి కాదు, పది లక్షల సంవత్సరాల లోపు మళ్ళీ మళ్ళీ పొంగి, ఈనాటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్లు కప్పి ఉన్న దక్కన్ నల్లరాతి పొరలను పరిచింది. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ నడుమ ఏళ్ళ తరబడి నిశ్శబ్దం ఉండేది. ఆ వ్యవధిలో పల్లపు చోట్ల నీరు నిలిచి కుంటలయ్యేవి, నత్తలు, చేపలు, కప్పలు చేరేవి, ఒడ్డున మొక్కలు మొలిచేవి. మళ్ళీ లావా వచ్చి అన్నిటినీ కప్పేది. మా బావిలోని తెల్లపొర అలాంటి ఒక కుంట.

అదే ప్రాంతంలోని నస్కల్ అనే ఊరి దగ్గర ఇలాంటి పొరలోని మట్టిని నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెళ్ళతో కడిగి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరి చూసినప్పుడు, ఒకటి రెండు మిల్లీమీటర్ల పళ్ళు దొరికాయి. అవి ఎలుక కంటే చిన్న క్షీరదానివి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో దాన్ని ప్రకటించారు. భారతదేశంలో దొరికిన మొదటి క్రెటేషియస్ క్షీరదం అదే. నాగపూర్‌లో శిలాజాలు సేకరించిన మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ పేరు కలిపి దానికి డెక్కనోలెస్టిస్ హిస్లాపి అని పేరు పెట్టారు. దాని చీలమండ ఎముకలను బట్టి అది చెట్లెక్కేదని ఆ తర్వాత తేలింది. ఒక పక్క లావా పారుతున్న నేల మీద, రెండు ప్రవాహాల మధ్య విరామంలో, ఒక కుంట ఒడ్డున చెట్టు మీద పురుగులు ఏరుకుని తిన్న ఆ ప్రాణి గురించి తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలని నా కోరిక.

ఈ అగ్నిపర్వతాలు బావగారి వాదానికి ఇచ్చే జవాబు చాలా స్పష్టమైనది. దక్కన్ లావా వదిలిన వాయువు వల్ల, క్రెటేషియస్ అంతానికి సుమారు 3 లక్షల సంవత్సరాల ముందు, భూమి రెండు నుంచి నాలుగు డిగ్రీలు వేడెక్కింది. సముద్రపు అడుగున తవ్వి తీసిన మట్టిలోని గుల్లలు ఆ సంగతి చెబుతాయి. జాతులు ధ్రువాల వైపు జరిగాయి, మళ్ళీ చల్లబడినప్పుడు వెనక్కి వచ్చాయి, అంతరించినవి తక్కువ. అంత పెద్ద లావా ప్రవాహాలు కూడా, ఏడాదికి సగటు లెక్క కడితే, మనం ఇప్పుడు ఏటా వదులుతున్న దానికంటే ఎంతో తక్కువ వాయువునే వదిలాయి. ఇంధనాల వల్ల మనం ఏటా వదిలే బొగ్గుపులుసు వాయువు 3,700 కోట్ల టన్నుల దాకా ఉంది. ఈనాటి అగ్నిపర్వతాలన్నీ కలిపి వదిలేది అందులో నూరో వంతు కూడా కాదు.

ఆ తర్వాత 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, పది కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న గ్రహశకలం మెక్సికోలోని యుకతాన్ తీరాన్ని ఢీకొట్టింది. గుబ్బియో దగ్గరి పలుచని బంకమట్టి పొరలో, భూమి మీద అరుదైన, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం లోహం ఎక్కువగా ఉందని లూయిస్ అల్వారెజ్, వాల్టర్ అల్వారెజ్‌ల బృందం 1980లో చూపినప్పుడు ఈ కథ మొదలైంది. దాదాపు 180 కిలోమీటర్ల బిలాన్ని 1991లో గుర్తించారు. ఢీకొన్న చోటి రాళ్ళలోని గంధకం, మసి ఆకాశాన్ని కప్పి సూర్యకాంతిని ఆపాయి, సముద్రపు నీరు ఆమ్లమైంది. జీవజాతుల్లో నాలుగింట మూడు వంతులు పోయాయి. ఇందులో దక్కన్ లావా పాత్ర ఎంత అన్నది పాత తగవు. భూగర్భ శాస్త్రజ్ఞురాలు గెర్టా కెల్లర్ వంటివారు లావాయే అసలు కారణమని వాదించారు. ఎక్కువమంది శాస్త్రజ్ఞులు గ్రహశకలాన్నే ప్రధాన కారణంగా అంగీకరిస్తారు, నాకూ ఆ పక్షమే బలమైనదిగా కనిపిస్తుంది. లక్షల ఏళ్ళ వేడిని తట్టుకున్న అమ్మోనైట్లనే గుల్ల ఉన్న సముద్రజీవులు కొన్నేళ్ళ చీకటిని తట్టుకోలేకపోయాయి. ఒకే ప్రపంచం, దాదాపు అవే జాతులు. తేడా మార్పు ఎంత హఠాత్తుగా వచ్చిందన్నదే.

కెల్లర్ తన వాదానికి ఆధారాలు వెతికిన చోట్లలో ఒకటి రాజమండ్రి. పశ్చిమాన పుట్టిన లావా పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి ముఖం దాకా వచ్చింది. ప్రపంచంలోనే అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనని చాలామంది భావిస్తారు. కాతేరులోనూ, నదికి అవతల పంగిడి, గౌరీపట్నాల్లోనూ కంకర కోసం తవ్విన క్వారీల్లో కింద ఒక ట్రాప్ (లావా గడ్డకట్టిన నల్లరాతి పొర), పైన ఒక ట్రాప్, నడుమ సముద్రపు మట్టి కనిపిస్తాయి. నేను వెళ్ళిన రోజున ఒక క్వారీలో పని ఆగి ఉంది, గోడ మీద ఎండ పడి పొరలు విడివిడిగా కనిపిస్తున్నాయి. నడిమి మట్టిలో ఆల్చిప్పలు, మెలితిరిగిన సన్నని శంఖాలు చేతికే తగులుతాయి. కంటికి కనిపించని వాటిని కెల్లర్ బృందం వెతికి 2008లో ప్రకటించింది: కింది ట్రాప్ మీద ఆనుకుని ఉన్న ఆ మట్టిలో, మహావినాశనం తర్వాత తొలి దశలో బతికిన ఫోరమినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు ఉన్నాయి. అంతకు ముందు సముద్రాల్లో ఉన్న ప్లవక ఫోరమినిఫెరా జాతుల్లో తొంభై శాతానికి పైగా పోగా మిగిలిన, కొత్తగా పుట్టిన కొన్ని చిన్న జాతులవి. ఒక్కో గుల్ల మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. వాటి సంతతి మునుపటి వైవిధ్యాన్ని తిరిగి అందుకోవడానికి దాదాపు కోటి సంవత్సరాలు పట్టింది. బావగారు ఈసారి రాజమండ్రి వైపు వచ్చినప్పుడు ఆ క్వారీకి తీసుకువెళ్తానని చెప్పాను. వస్తానన్నారు.